ఒకే దిబ్బ మీద రెండు బాలబంది తీగలు: ఊదాపువ్వు అంతటా, తెల్లపువ్వు ఆరు పుల్లల మేరకే. ఎందుకు?

గవ్వలబుట్ట అడిగిన ప్రశ్న:

ఒక ఇసుక దిబ్బను పద్నాలుగు నెలలుగా గమనిస్తున్నాను. వృక్షశాస్త్రం నా చదువు కాదు. పిల్లలకు లెక్కలు చెబుతాను. అందుకని మొక్కల పేర్లలో పొరపాట్లుంటే నిస్సంకోచంగా దిద్దండి. అంకెల్లో పొరపాటు ఉందంటే మాత్రం ఒప్పుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటాను.

దిబ్బ మీద ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఉన్నారు. అక్క అందరికీ తెలిసినదే: బాలబంది తీగ, కొందరు చెవులపిల్లి తీగ అంటారు. ఊదారంగు గరాటు పువ్వు, మేక గిట్టలా చివర చీలిన దళసరి ఆకు. శాస్త్రనామంలోనూ ఆ మేక కాలే ఉంది: ఐపోమియా పెస్-కాప్రే. చెల్లెలు ఐపోమియా ఇంపెరాటి. తెల్లటి పువ్వు, గొంతులో పసుపు. దీని ఆకుతో నేను చాలా అవస్థ పడ్డాను. ఒక ఆకు వేలులా పొడుగ్గా ఉంటుంది, దాని పక్కది వయొలిన్‌లా నడుము నొక్కుకుపోయి ఉంటుంది, ఇంకొకటి తమ్మెలు తమ్మెలుగా చీలి ఉంటుంది. మొదటి నెల వాటిని మూడు వేర్వేరు మొక్కలుగా రాసుకున్నాను. పూలు వచ్చాక మూడు గళ్లనూ కలిపేయాల్సి వచ్చింది.

నేను చేసింది చాలా మామూలు పని. పోటుకు కొట్టుకొచ్చిన చెత్త ఆగే గీత దగ్గర మొదలుపెట్టి దిబ్బ వెనక పల్లం దాకా తాడు లాగి, రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున 30 వెదురు పుల్లలు పాతాను. నెలకొకసారి ఒక్కో పుల్ల చుట్టూ చదరపు మీటరు మేర ఏ తీగ ఉందో రాస్తాను. అంతే.

ఉప్పుగాలిని ఓర్చుకునేది ముందు, ఓర్చుకోలేనిది వెనక అన్నట్టుగా వరుస కనిపిస్తుందని అనుకున్నాను. చదివిన చోటల్లా అదే చెప్పారు. తీరా చూస్తే ఊదాపువ్వు 3వ పుల్ల నుంచి 22వ పుల్ల దాకా పరచుకుని ఉంది. తెల్లపువ్వు 4 నుంచి 9 దాకా మాత్రమే ఉంది, పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా 10వ పుల్ల దాటలేదు. అంటే వీళ్లు ముందూ వెనకా నిలబడలేదు. ఒకరు ఇల్లంతా తిరుగుతున్నారు, ఇంకొకరు గుమ్మం వదలడం లేదు.

తెల్లతీగకు ఉప్పు కావాలా? లేక వెనక్కి వెళ్లకుండా ఇంకేదైనా ఆపుతోందా? ఇంకొక సంగతి కూడా చెప్పాలి, సిగ్గుగానే ఉంది. తెల్లతీగ ఎంత పొడవుందో చూద్దామని ఒకసారి చివర పట్టుకుని లాగాను. ఒక జానెడు ముక్క చేతికొచ్చింది, మిగతాది ఇసుకలోనే ఉండిపోయింది. అది ఎటు వెళ్లిందో నాకు అంతు చిక్కలేదు.


తీరపుగాలి జవాబు:

ఉప్పే. మరీ జటిలం చేయవద్దు.

ఇది 1942లోనే తేలిన విషయం. ఊస్టింగ్, బిల్లింగ్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా తూర్పు తీరంలో, ఉత్తర కరోలినా దిబ్బల మీద కొలిచి చూశారు. సముద్రం వైపు వాలులో ఒక గడ్డి, వెనక వాలులో ఇంకొక గడ్డి ఎందుకు ఉన్నాయంటే నేలలో తేమ వల్లా కాదు, పోషకాల వల్లా కాదు, గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర వల్ల అని చూపించారు. ఇసుకలో ఉప్పు పెద్దగా ఉండదు, వాన దాన్ని కడిగేస్తుంది. ఆకు మీద పడే ఉప్పుతోనే బాధ. 1950లలో బోయిస్ ఇంకొక మెట్టు ఎక్కాడు: ఆకు చర్మం చెక్కుచెదరకుండా ఉంటే ఉప్పు లోపలికి పెద్దగా పోదు, గాలికి రాసుకుని గీరుకుపోయిన చోట్ల నుంచే క్లోరైడు లోపలికి దిగి అంచులను మాడుస్తుంది.

తెల్లతీగ ఆకు చిన్నది, దళసరి, నేలకు అంటుకుని ఉంటుంది. ఉప్పుకు సరిపోయిన ఒళ్లు. మీ దిబ్బ మీద అదే జరుగుతోందని నా అభిప్రాయం.


పాతపార జవాబు:

తీరపుగాలి గారు చెప్పిన 1942 నాటి మాటలో తప్పు లేదు. అది ఈ ప్రశ్నకు జవాబు కాదు, అంతే. గవ్వలబుట్ట గారి రెండు తీగలూ ముందు వరుసలోనే ఉన్నాయి. ఉప్పు వాటిని వేరు చేయదలిస్తే 3వ పుల్ల దగ్గరే చేసి ఉండేది. ఉప్పు ముందుకు రాకుండా ఆపగలదు కానీ, 10వ పుల్ల దాటకుండా వెనక నుంచి కొంగు పట్టుకుని ఎలా ఆపుతుంది? తెల్లతీగకు ఉప్పు లేనిదే బతుకు లేదని రుజువు చేస్తే తప్ప ఆ వాదన నిలవదు.

అమ్మా, నాది ఒకే ఒక్క ప్రశ్న. ఆ వెదురు పుల్లలు ఇసుక పైన ఎంత పొడవు కనిపిస్తున్నాయో ఎప్పుడైనా రాశారా?

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కుర్రతనంలో మూడేళ్లు వాయవ్య అమెరికా తీరంలో కూలిపని లాంటి పరిశోధనా సహాయం చేశాను. పార, టేపు, తడిసిన నోటుపుస్తకం, ఇవే ఆస్తి. అక్కడ మా పని కూడా ఇద్దరు అక్కాచెల్లెళ్లతోనే. ఇద్దరూ గడ్డి జాతులే, ఇద్దరి ఇంటిపేరూ అమ్మోఫిలా. అంటే ఇసుకను ప్రేమించేది అని అర్థం. ఒకటి యూరప్ గడ్డి, అమ్మోఫిలా అరెనేరియా. ఇంకొకటి అమెరికా తూర్పు తీరానికీ మహా సరస్సుల ఒడ్డుకూ చెందినది, అమ్మోఫిలా బ్రెవిలిగ్యులాటా. రెండూ ఆ పశ్చిమ తీరానికి పరాయివే. యూరప్ గడ్డిని 1869లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎగిరే ఇసుకను కట్టిపడేయడానికి నాటారు, అక్కడి నుంచి ఉత్తరానికి పాకింది. రెండోదాన్ని 1930లలో కొలంబియా నది సముద్రంలో కలిసేచోట నాటారు. అది వాషింగ్టన్ రాష్ట్ర తీరాన్ని ఆక్రమించింది.

దూరం నుంచి చూస్తే రెండింటినీ వేరు చేయలేరు. మోకాళ్ల మీద కూర్చుని, ఆకు తొడుగూ ఆకు పట్టీ కలిసేచోట గోటితో విప్పి చూడాలి. అక్కడ సన్నటి పొర ఒకటి ఉంటుంది, లిగ్యూల్ అంటారు. యూరప్ గడ్డికి అది ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రెండోదానికి కొన్ని మిల్లీమీటర్లే. బ్రెవిలిగ్యులాటా అంటేనే పొట్టి లిగ్యూల్ ఉన్నది. రోజుకు కొన్ని వందల సార్లు ఆ పొర విప్పి చూసిన గోళ్లు ఇవి.

ఇక అసలు తేడా. ఇసుక మీద పడి పూడ్చేస్తుంటే యూరప్ గడ్డి నిటారుగా పైకి లేస్తుంది. ఒకచోటే ఒత్తుగా పిలకలు వేస్తుంది. ఏడాదికి మీటరు దాకా పూడిక వచ్చినా తట్టుకుని పైకి వస్తుంది. దాని చెల్లెలు పక్కలకు పాకుతుంది, ఇసుక లోపలి కాండాలు దూరం పోయి అక్కడొక పిలక, ఇక్కడొక పిలకగా పలచగా లేస్తాయి. ఇంత చిన్న తేడాకు ఫలితం ఎంత పెద్దదో చూడండి. ఒత్తు పిలకలు గాలి వేగాన్ని తగ్గించి ఇసుకను ఒకచోటే కుప్పపోస్తాయి, దిబ్బ ఎత్తుగా, ఇరుగ్గా, నిట్టనిలువుగా తయారవుతుంది. పలచటి పిలకల మధ్య ఇసుక జారిపోయి దూరంగా పరచుకుంటుంది, దిబ్బ వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. చెల్లెలి దిబ్బలు అక్క దిబ్బల్లో దాదాపు సగం ఎత్తే. తుపాను అల వచ్చిన రోజున దిబ్బ వెనక నివసించేవారికి ఆ సగం ఎత్తు ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు. కొలంబియా నదికి దక్షిణాన ఒరెగాన్ వైపూ ఉత్తరాన వాషింగ్టన్ వైపూ దిబ్బ గట్టుల తీరులో కనిపించే తేడాలో ఈ రెండు గడ్డుల పెరుగుదల తీరుకు పెద్ద వాటానే ఉంది. తీరానికి చేరే ఇసుక పరిమాణం కూడా కలిసిందనుకోండి, ఆ వాటాను నేను దాచను.

ఆ తీరంలో ఈ ఇద్దరికీ పుట్టిన సంకరం కూడా ఉందని 2021లో ప్రకటించారు. ఆ వార్త విన్న రోజు నాకు నవ్వొచ్చింది. మధ్యస్థంగా ఉన్న పొరలు చూసి మేము గోళ్లు కొరుక్కుంటూ ఏదో ఒక గడిలో వేసిన మొక్కల్లో అవి ఎన్ని ఉండి ఉంటాయో.

కాబట్టి నా మాట: దిబ్బ మీద దగ్గరి చుట్టాలను వేరు చేసేది ఏమిటని అడిగితే ముందు ఇసుకను చూడండి. అది ఎంత పడుతోంది, ఎంత పోతోంది, మొక్క దానికి ఎలా బదులు చెబుతోంది. పెస్-కాప్రే ఇసుక పైన పరుగెత్తే తీగ, ఒక్కో తీగ 30 మీటర్ల దాకా పోగలదు, కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది. పూడికను అది తట్టుకోలేదని అనడం లేదు, తట్టుకుంటుంది. కానీ ఇంపెరాటి తీగ ఎక్కువగా ఇసుక లోపలే ఉంటుంది. ఆకూ పువ్వూ మాత్రమే తలెత్తి చూస్తాయి. మీరు లాగినప్పుడు తెగిపోయింది అందుకే. మీకు దొరికింది కొస, అసలు కాండం కింద ఉంది. 6వ పుల్ల దగ్గర చేత్తో, పారతో కాదు, చేత్తో, మెల్లగా ఇసుక తీసి చూడండి.

ఇంకొక హెచ్చరిక. ఒక మొక్క ఒకచోట కనిపించినంత మాత్రాన అక్కడ సుఖంగా ఉందని అర్థం కాదు. కెనడాలోని నోవాస్కోషియా దిబ్బల మీద 1980ల మొదట్లో కెడ్డీ అనే పరిశోధకుడు చేసిన పని ఇందుకు చక్కటి సాక్ష్యం. అక్కడ కాకిలే అనే ఆవాల కుటుంబపు ఏడాది మొక్క దిబ్బ మధ్య భాగంలో అన్నిటికంటే ఒత్తుగా ఉంటుంది. చూసినవారు అదే దాని అసలు ఇల్లు అనుకుంటారు. లెక్క తీస్తే గింజలు బాగా కాసేది సముద్రం వైపు మొక్కలు. మధ్యలో ఉన్నవి తమ సంఖ్యను నిలబెట్టుకునేంత గింజ కూడా కాయవు. ఏటేటా గాలీ అలలూ ముందు నుంచి గింజలు తోసుకురావడం వల్లనే అక్కడ పచ్చగా ఉంది. మీ జాబితాలో తీగ ఉన్నదా లేదా అన్నది ఒక్కటే ఉంది. పూలు, కాయలు కూడా లెక్కపెట్టండి.


గింజలసంచి జవాబు:

పాతపార గారికి ప్రతి తాళానికీ ఇసుకే తాళంచెవి. కాదనను, కానీ కాకిలే పేరు ఎత్తి దాని అసలు కథ చెప్పకుండా వదిలేశారు. అందులో ఉప్పూ లేదు, ఇసుకా లేదు.

కాకిలేలో రెండు జాతులున్నాయి, రెండూ సముద్రపు చెత్త గీత పక్కనే మొలుస్తాయి. ఎడెంటులా అమెరికా తూర్పు తీరానిది. పూలు చిన్నవి, తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. మారిటిమా యూరప్‌ది. పూలు పెద్దవి, పురుగులు వేరే మొక్క పుప్పొడి తెస్తేనే గింజ. కాయ రెండు గదులుగా ఉంటుంది. పై గది ఊడి నీటి మీద తేలుతూ ఎక్కడికో పోతుంది, కింది గది తల్లి దగ్గరే ఉండిపోతుంది. ఒక గింజ లోకం చూడటానికి, ఒక గింజ ఇల్లు కాపాడటానికి. మారిటిమా కాయకు కింది గది భుజాల మీద రెండు కొమ్ములుంటాయి. ఎడెంటులాకు అవి ఉండవు, దాని పేరుకు అర్థమే పళ్లు లేనిది అని.

ఇప్పుడు విచిత్రం వినండి. రెండూ తమవి కాని తీరాలకు చేరాయి. ఆస్ట్రేలియాకు ఎడెంటులా 1860లలో వచ్చింది, మారిటిమా 1890ల చివర. అమెరికా పశ్చిమ తీరానికి ఎడెంటులా 1880లలో, మారిటిమా 1935లో. రెండుచోట్లా మొదట వచ్చింది తనంతట తాను గింజ కట్టగలది. అది సహజమే, ఒక్క గింజ ఒడ్డుకు కొట్టుకొచ్చినా వంశం నిలుస్తుంది. రెండుచోట్లా తర్వాత వచ్చింది తోడు లేనిదే గింజ కట్టలేనిది. అయినా ఎక్కువ మేర మొదటిదాన్ని తోసేసి అదే నిలబడింది. ఒంటరిగా దిగిన మారిటిమాకు పుప్పొడి ఎక్కడిది? అప్పటికే అక్కడ ఉన్న ఎడెంటులా నుంచి తెచ్చుకుని, సంకరం ద్వారా నిలదొక్కుకుని, తర్వాత తన జాతి మొక్కలు చేరాక సొంత రూపానికి తిరిగి వచ్చిందన్నది గత దశాబ్దంలో పరిశోధకులు ముందుకు తెచ్చిన వివరణ. నాకు అది నచ్చింది. నిచ్చెన ఇచ్చిన చుట్టాన్నే ఇంట్లోంచి పంపేసినట్టు.

దీనికీ మీ తీగలకూ సంబంధం ఉంది, గవ్వలబుట్ట గారూ. పెస్-కాప్రే కూడా తన పుప్పొడితో తాను గింజ కట్టదు. దాని పువ్వు తెల్లవారి విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది, ఆ కొన్ని గంటల్లో తేనెటీగ వేరే మొక్క నుంచి రావాలి. వేరే మొక్క అంటున్నాను, వేరే పువ్వు కాదు. ఒక తీగ 30 మీటర్లు పోతుందని పాతపార గారే చెప్పారు. మీ 3వ పుల్ల నుంచి 22వ పుల్ల దాకా దూరం 38 మీటర్లు. ఆ ఇరవై పుల్లల దగ్గర మీరు ఇరవై సార్లు 'ఉంది' అని రాసుకున్నది ఒకటి రెండు మొక్కలనే కావచ్చు. అదే అయితే పూలు వందలున్నా కాయలు దాదాపు ఉండకూడదు. కాయలు చూడండి, మొక్కలెన్నో తెలుస్తుంది.

లెక్కల టీచరమ్మకు చెబుతున్నందుకు క్షమించండి.


గవ్వలబుట్ట, వారం తర్వాత:

క్షమించాను, కానీ రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇరవై గళ్లు నింపి ఇరవై సాక్ష్యాలనుకున్నాను. ఒక మనిషిని ఇరవై కిటికీల నుంచి చూసి ఇరవై మంది అని రాసినట్టయింది.

ముందు పాతపార గారి ప్రశ్నకు జవాబు. పుల్లల పొడవు ఒక గడిగా రాయలేదు. అయితే నోటుపుస్తకం అంచుల్లో విసుగ్గా గీకిన మాటలున్నాయి. 'మే: 6వ పుల్ల కనబడటం లేదు, కొత్తది పాతాను.' 'ఆగస్టు: 6, 7 మళ్లీ మాయం.' ఎవరో పిల్లలు పీకేస్తున్నారని ఆ నెలంతా తిట్టుకున్నాను. ఎవరూ పీకలేదు. నిన్న 6వ పుల్ల పక్కన చేత్తో తవ్వితే మొదట పాతిన పుల్ల అక్కడే నిలబడి ఉంది, తల మీద మూరెడు ఇసుకతో. అది దొరికినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. పారేసుకున్నాననుకున్న కొలతలన్నీ అక్కడే పాతిపెట్టి ఉన్నట్టనిపించింది.

ఆ తర్వాత 30 పుల్లలూ కొలిచాను. 4 నుంచి 9 దాకా ఇసుక పెరిగింది, అన్నిటికంటే ఎక్కువ 6, 7 దగ్గర. 11వ పుల్ల దిబ్బ కొప్పు మీద ఉంది, అక్కడ పెరుగుదల కొద్దిగా. 14 దాటాక పాతిన రోజున కట్టిన ఎర్రదారం ఇప్పటికీ ఇసుక మట్టానికే ఉంది. తెల్లతీగ ఉన్న పుల్లలూ ఇసుక పెరిగిన పుల్లలూ ఒక్కటే. తీరపుగాలి గారూ, ఉప్పు అంత సరిగ్గా 9వ పుల్ల దగ్గర ఆగుతుందని అనుకోలేను.

గోతిలో ఇంకొకటి చూశాను. నాలుగు వేళ్ల లోతులో తెల్లతీగ కాండం అడ్డంగా పోతోంది, దాని కణుపుల నుంచి ఆకు కాడలు పైకి లేచి ఉన్నాయి. వెలుతురు తగలని భాగం పాలిపోయి తెల్లగా, బయటికి వచ్చిన కొస మాత్రం ఆకుపచ్చగా. దానికి జానెడు కింద ఇంకొక కాండం, కాస్త లావుగా, గోధుమరంగులో, కుళ్లిన ఆకు కాడలతో. అదే దాని పాత అంతస్తు అని ఊహిస్తున్నాను. పైన ఊదాతీగ కొస ఒకటి కొప్పు మీద నుంచి దిగి వచ్చి గోతి అంచు దాకా ఉంది. 6వ పుల్ల దగ్గర దానికి వేరు లేదు. వెనక్కి వెతుక్కుంటూ వెళితే 11వ పుల్ల దగ్గర దొరికింది. అంటే 6వ గడిలో నేను రాసిన ఊదాతీగ నిజానికి 11లో వేరూనిన మొక్క చాచిన చెయ్యి.

కాయలు: 3 నుంచి 12 మధ్య 64 వాడిన పూల కాడలు చూస్తే మూడింటికి కాయ ఉంది. 17 నుంచి 22 మధ్య 40 చూస్తే పదకొండింటికి ఉంది. గింజలసంచి గారూ, దీన్ని ఎలా చదవాలి?


గింజలసంచి:

ముందు భాగం దాదాపు ఒకే మొక్క పాకినది, వెనక భాగంలో కనీసం రెండు వేర్వేరు మొక్కలు కలిసి ఉన్నాయి. నేనైతే అలా చదువుతాను. కాయ విప్పి చూడండి, గింజకు గోధుమరంగు నూగు ఉంటుంది. ఆ నూగు కింద ఉన్న పెంకు చాలా గట్టిది, గీరితేనే గాని నీరు లోపలికి పోదు. అందుకే నెలల తరబడి ఉప్పునీటిలో తేలి కూడా మొలుస్తుంది. కొన్ని కాయల్లో గింజ బదులు చిల్లు మాత్రమే ఉంటే ఆశ్చర్యపోవద్దు. గింజల్లో బతికే పెంకుపురుగులకు ఈ మొక్క పాత స్నేహితురాలు. కాయ కట్టకపోవడమూ కట్టిన కాయను పురుగు తినడమూ వేర్వేరు గళ్లలో రాయండి.


తీరపుగాలి:

వెనక్కి తగ్గుతున్నాను, పూర్తిగా కాదు. ఆకును గీరేది ఏమిటి? ఎగిరే ఇసుకే. ఇసుక గీరిన చోట ఉప్పు దిగుతుంది. ఎక్కువ ఇసుక పడే 6వ పుల్ల దగ్గరే ఎక్కువ ఇసుక కొడుతుంది కూడా. ఇసుక పైన నాలుగు వేళ్ల ఎత్తున ఉన్న ఊదాతీగ ఆకు ఆ దెబ్బ తింటుంది. తెల్లతీగ కాండం ఇసుక కిందే దాక్కుంది. కాబట్టి ఇసుకా ఉప్పూ వేర్వేరు వాదాలు కావు. పాతపార గారు ఈ ముక్క ఒప్పుకుంటే నేను 1942ను ఇక ఎత్తను.


పాతపార:

ఒప్పుకున్నాను. 1942ను మాత్రం ఎత్తుతూనే ఉండండి, ఆ పని మంచి పని.

గవ్వలబుట్ట గారూ, అంచున గీకిన విసుగు మాటలే అసలు కొలతలు కావడం నాకు కొత్త కాదు. మా బృందంలో ఒకరు 'గుంజ మళ్లీ పోయింది' అని రాసిన పేజీలే చివరికి అందరికంటే ఎక్కువ పనికొచ్చాయి. ఇకమీదట పుల్ల బయట ఎంత ఉందో ప్రతిసారీ రాయండి.

ఇక మిగిలిన ముడి: తెల్లతీగ 10 ఎందుకు దాటదు? పూడికను తట్టుకోవడం ఒక విషయం, పూడిక లేకపోతే కుంగిపోవడం ఇంకొక విషయం. నా యూరప్ గడ్డికి రెండూ ఉన్నాయి. ఇసుక రావడం ఆగిన చోట అది రంగు తగ్గి, పిలకలు పలచబడి, ముసలిదైపోతుంది. నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ పుట్టెన్ బృందం 1993లో దాని గుట్టు చూపించింది. పాత ఇసుకలో ఆ గడ్డి వేళ్లను తినే నులిపురుగులూ శిలీంధ్రాలూ పోగుపడతాయి. కొత్త ఇసుక మీద పడినప్పుడు గడ్డి అందులోకి కొత్త వేళ్లు వేసి శత్రువుల నుంచి ఒక అంతస్తు పైకి పారిపోతుంది. ఇసుక ఆగితే పారిపోయే చోటు ఉండదు. వెనక వచ్చే మొక్కలకు ఆ శత్రువుల బాధ అంత ఉండదు, అవి ఆ చోటు తీసుకుంటాయి. మీరు చెప్పిన రెండంతస్తుల కాండం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

అయినా గడ్డి కథను తీగకు అతికించవద్దు. పరీక్షించండి. పొలం పనిలా పెద్దది కాదు, కుండీలు చాలు. 15వ పుల్ల దగ్గరి ఇసుక కొన్ని కుండీల్లో. అదే ఇసుకను బాగా వేడిచేసి, చల్లార్చి ఇంకొన్నింటిలో. పోటు గీత దగ్గరి తాజా ఇసుకను మంచినీటితో కడిగి మిగతావాటిలో. ప్రతి రకంలోనూ రెండు తీగల కణుపు ముక్కలు నాటండి. తెల్లతీగ మామూలు పాత ఇసుకలో కుంగి, వేడిచేసిన పాత ఇసుకలో కోలుకుంటే నేలలోని జీవుల మీద అనుమానం. మూడింటిలోనూ ఒకేలా పెరిగితే నేల దోషం కాదు, వెనక ఉన్న పొదల నీడ వైపు చూడాలి. చిన్న ఆకుతో నేలకు అంటుకున్న తీగకు మోకాలెత్తు పొద కూడా పైకప్పే.

కొసలు తీసేటప్పుడు ఒక్కో మొక్క నుంచి రెండు ముక్కలకు మించవద్దు. రక్షిత తీరమైతే అనుమతి లేకుండా ఒక్క ముక్క కూడా వద్దు. ముందు వరుస నుంచి అసలు తీయవద్దు, అక్కడ దిబ్బను పట్టుకుని ఉన్నవి ఆ తీగలే. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు కాకూడదు.


గవ్వలబుట్ట:

అనుమతి అడిగాను, ఇచ్చారు. మొత్తం పద్దెనిమిది కుండీలు, ఒక్కో ఇసుకకు ఆరు, అందులో మూడు ఊదా, మూడు తెలుపు. ముక్కలన్నీ కొప్పు వెనక వైపున తీద్దామనుకుంటే తెల్లతీగ అక్కడ లేనే లేదని తాడు దగ్గరికి వెళ్లాక గానీ గుర్తు రాలేదు. చివరికి 9వ పుల్ల దగ్గర, దాని హద్దులో, అయిదు మొక్కల నుంచి తొమ్మిది ముక్కలు తీసుకున్నాను. ఊదాతీగ ముక్కలు మాత్రం ఒకే చేతివి కాకుండా 11, 18, 21 పుల్లల దగ్గర వేళ్లు వెతికి మరీ తెచ్చాను.

ఇసుక వేడిచేసేటప్పుడు వచ్చిన వాసన గురించి ఎవరూ హెచ్చరించలేదు. నాటి నాలుగు రోజులైంది. ప్రతి కుండీ గోడకూ ఇసుక మట్టం దగ్గర ఎర్రదారం అతికించాను.